పెళ్లయిన ఉపదేశికి గురుపట్టం ఎందుకు ఇవ్వకూడదు? కర్నూలు, కడప బిషప్ గార్లకు బహిరంగ లేఖ

కర్నూలు, కడప కతోలిక మేత్రాసనాల (ఒక్కో బిషప్ కింద ఉండే ప్రాంతాల) బిషప్ గార్లకు, విచారణల్లో (ఒక్కో ఫాదర్ కింద ఉండే సంఘాల్లో) పనిచేస్తున్న ఫాదర్లందరికీ, స్తోత్రం.

అడగాల్సింది మొదట్లోనే అడుగుతాను. ఫాదర్లు పెళ్లి చేసుకోకూడదన్న నియమం గురించి మన రెండు మేత్రాసనాల్లో విశ్వాసులను కూర్చోబెట్టి బహిరంగంగా చర్చ జరపండి. ఆ చర్చ అయ్యాక, మన పల్లెల్లో ఏళ్ల తరబడి సంఘాన్ని మోస్తున్న పెళ్లయిన ఉపదేశుల్లో (ఫాదర్ లేనప్పుడు సంఘాన్ని నడిపే విశ్వాసుల్లో) యోగ్యులైన వాళ్లకు గురుపట్టం ఇవ్వడానికి, అంటే వాళ్లను ఫాదర్లను చేయడానికి, అనుమతి కావాలని రోముకు రాయండి. బ్రహ్మచర్యాన్ని ఎత్తేయమని నేను అడగడం లేదు. మనసారా ఆ దారి ఎంచుకున్న ఫాదర్లంటే నాకు గౌరవం ఉంది, అది ఈ లేఖ రాసినంత మాత్రాన తగ్గదు. నేనడిగేది ఆ దారి పక్కన ఇంకో దారి కూడా తెరవమని.

నేను పుట్టింది కోవెలకుంట్ల వైపు ఒక పల్లెలో, ఇప్పుడు ఉండేది కర్నూలులో. మా ఊరు విచారణ కేంద్రం కాదు, దానికింద ఉన్న ఉపకేంద్రాల్లో ఒకటి. ఫాదర్ గారు నెలకోసారి వస్తారు, పండగలప్పుడు వస్తారు, మధ్యలో ఎవరికైనా బాగా సీరియస్‌గా ఉంటే కబురు పెడితే వీలు చూసుకుని వస్తారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, ఒక్క మనిషి, చేతికింద అన్ని ఊళ్లు, స్కూలు బాధ్యత, హాస్టల్ బాధ్యత, మళ్లీ టౌన్‌లో మీటింగులు. మిగిలిన ఆదివారాలన్నీ నడిపేది ఉపదేశి. గంట కొట్టేది ఆయనే, జపమాల చెప్పించేది ఆయనే, సువార్త చదివి నాలుగు మాటలు చెప్పేది, పిల్లలకు జపాలు నేర్పేది, కొత్త సత్ప్రసాదానికి (పూజలో పవిత్ర అప్పం మొదటిసారి తీసుకోవడానికి) తయారుచేసేది, మొగుడూ పెళ్లాల గొడవ వస్తే అరుగు మీద కూర్చుని సర్దిచెప్పేది, అర్ధరాత్రి ఎవరైనా పోతే పాటల పుస్తకం పట్టుకుని ముందు వచ్చేది అన్నీ ఆయనే. ఆయన చేయలేనివి పూజ, పాపసంకీర్తనం (పాపాలు విని క్షమాపణ ఇవ్వడం), అవస్థ అభ్యంగనం (చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు నూనె పూసి చేసే సంస్కారం). మా నాయనమ్మ చివరి రెండు రోజులూ అవస్థ అభ్యంగనం కోసం అడుగుతూనే ఉండింది. ఫాదర్ గారు ఆ వారం ఊళ్లో లేరు. ఉపదేశి ఆమె మంచం పక్కనే కూర్చుని రాత్రంతా జపం చేశాడు, ఆమెను నలభై ఏళ్లుగా ఎరిగిన మనిషి, ఆమె కష్టసుఖాలన్నీ తెలిసిన మనిషి, కానీ ఆమె కోరింది ఇచ్చే అధికారం ఆయనకు లేదు. ఎందుకు లేదంటే ఆయన సెమినరీకి పోలేదు. చిన్నప్పుడు ఎందుకు పోలేదంటే ఆయనకు పెళ్లి చేసుకుని సంసారం చేయాలని ఉండింది. ఇంతకుమించి కారణం లేదు.

ఊళ్లో చాలామంది ఈ నియమాన్ని యేసు ప్రభువే పెట్టాడనుకుంటారు. ఇది విశ్వాస సత్యం కాదని, కతోలిక సభ, అంటే చర్చి, పెట్టుకున్న క్రమశిక్షణ అని సెమినరీలో చదువుకున్న మీకందరికీ తెలుసు, కానీ ప్రసంగ పీఠం మీద నుంచి ఆ మాట చెప్పిన వాళ్లను నేను చూడలేదు. చెప్పండి, దాచాల్సిన విషయమేమీ కాదు. పేతురు అత్తకు జ్వరమొస్తే ప్రభువు చెయ్యి పట్టుకుని లేపాడని మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఉంది, అత్త ఉందంటే భార్య ఉన్నట్టే. మిగతా అపోస్తలులు, ప్రభువు సోదరులు, కేఫా (అంటే పేతురే) భార్యలను వెంటబెట్టుకుని తిరుగుతున్నారు కదా, మాకు మాత్రం ఆ హక్కు లేదా అని కొరింతు వాళ్లకు రాసిన మొదటి లేఖ 9వ అధ్యాయంలో పౌలే అడుగుతాడు. బిషప్ ఏకపత్నీ పురుషుడై ఉండాలని తిమోతికి రాసిన మొదటి లేఖ 3వ అధ్యాయం. రెండో వైపు మాటలు కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. పరలోక రాజ్యం కోసం పెళ్లి వదులుకునే వాళ్ల గురించి మత్తయి 19లో ప్రభువే చెప్పాడు, అర్థం చేసుకోగలిగినవాడు చేసుకోమన్నాడు. పెళ్లి కాని వాడు ప్రభువు పనుల మీదే మనసు పెడతాడని పౌలు 1 కొరింతు 7లో అంటాడు. కానీ అదే అధ్యాయంలో, పెళ్లి కానివారి విషయంలో నాకు ప్రభువు ఆజ్ఞ ఏదీ లేదు, నా అభిప్రాయం చెబుతున్నాను అని కూడా తనే రాసుకున్నాడు. అంత నిజాయితీగా రాసిన పౌలు లేఖను సగం చదివి ఆపేయడం సరికాదు.

తర్వాతి చరిత్ర కూడా తిన్నగా ఒక గీతలా లేదు. సుమారు 305 ప్రాంతంలో స్పెయిన్‌లోని ఎల్విరాలో జరిగిన బిషప్పుల సభ ఒక కట్టడి పెట్టింది, బిషప్పులు, గురువులు (ఫాదర్లు), డీకన్లు (గురువు కంటే ఒక మెట్టు కింది పట్టం పొందినవాళ్లు) తమ భార్యలతో కాపురం చేయకూడదని. గమనించండి, పెళ్లయిన వాళ్లు గురువులు కాకూడదని కాదు, పెళ్లయి గురువులైన వాళ్లు దూరంగా ఉండాలని. 385లో పోపు సిరిసియస్ తర్రగోనా బిషప్‌కు రాసిన జాబులోనూ, 390లో కార్తేజు సభలోనూ ఇదే ధోరణి. 325లో నికయా మహాసభలో పఫ్నూషియస్ అనే బిషప్, తాను బ్రహ్మచారి అయ్యుండి కూడా, ఇంత బరువు అందరి మీదా పెట్టొద్దని లేచి మాట్లాడాడని ఒక కథ ఉంది, నాకు చాలా ఇష్టమైన కథ, కానీ అది వందేళ్ల తర్వాత రాసింది, చరిత్రకారుల్లో చాలామంది అనుమానిస్తారు, కాబట్టి దాన్ని నా వాదనకు వాడుకోను. వాడుకోవాల్సిన అవసరమూ లేదు. 514 నుంచి 523 దాకా పోపుగా ఉన్న హోర్మిస్దాస్‌కు ఒక కొడుకు, ఆ కొడుకు సిల్వేరియస్ కూడా 536లో పోపు అయ్యాడు, ఇద్దర్నీ సభ పునీతులుగా గౌరవిస్తుంది. 867లో పోపు అయిన రెండో ఏడ్రియన్‌కు భార్యా కూతురూ ఉన్నారు. నియమం కాగితం మీద ఉండగానే పల్లె గురువులు యూరప్ అంతటా వందల ఏళ్లు సంసారాలు చేసుకుంటూ పూజలు చేశారు. ఏడో గ్రెగరీ పోపు 1074 నుంచి గట్టిగా పట్టుబట్టి, 1123లో మొదటి లాతరన్ మహాసభ నిషేధించి, 1139లో రెండో లాతరన్ మహాసభ గురువు చేసుకునే పెళ్లి అసలు పెళ్లే కాదని తేల్చాక గానీ ఇప్పుడు మనం చూస్తున్న నియమానికి ఈ రూపం రాలేదు. అంటే సభ వయసులో సగానికి పైగా గడిచాక వచ్చిన రూపం ఇది.

ఎందుకు అంత పట్టుబట్టారు? పవిత్రత ఒక కారణం, బలిపీఠం ముందు నిలబడేవాడు శుద్ధిగా ఉండాలన్న పాత ఆలోచన. ఆస్తి ఇంకో కారణం, ఈ సంగతి మన ప్రాంతంలో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. గురువు కొడుకు గురువై, గుడి మాన్యం ఇంటి పొలమైపోయే పరిస్థితి వచ్చింది. 1022లో పావియాలో ఎనిమిదో బెనెడిక్ట్ పోపు జరిపిన సభ, గురువుల పిల్లలు చర్చికి దాసులవుతారని కూడా నిర్ణయించింది. పిల్లలేం పాపం చేశారు! అది క్రూరమైన నిర్ణయం. అయినా ఆ భయం మాత్రం ఉత్తిది కాదు. మన టౌన్లలో ఎన్ని స్వతంత్ర మందిరాలు నాన్న కట్టి కొడుక్కి అప్పజెప్పినవో అందరికీ తెలుసు, సంఘం డబ్బుతో కొన్న స్థలం ఎవరి పేరు మీద ఉందో అడిగితే గొడవే. పెళ్లి లేని గురువు బదిలీ అయితే ఒక పెట్టె పట్టుకుని పోతాడు, బంగళా అక్కడే ఉంటుంది, స్కూలు అక్కడే ఉంటుంది. ఇది బ్రహ్మచర్యానికి బలమైన సమర్థన, నేను ఒప్పుకుంటాను. కానీ దీనికి మందు ఆస్తిని మేత్రాసనం పేరు మీద ఉంచి, లెక్కలు బయటపెట్టడం. అది మన దగ్గర ఇప్పటికే చాలావరకు ఉన్న ఏర్పాటు, ఉపదేశి పూజ చేసినంత మాత్రాన గుడి స్థలం ఆయన పిల్లలకు పోదు.

మన సీమ ప్రజలకు బ్రహ్మచర్యం అర్థం కాదని ఎవరూ అనలేరు. మంత్రాలయం మన జిల్లాలోనే ఉంది, రాఘవేంద్రస్వామి భార్యా కొడుకూ ఉన్న సంసారి, తర్వాతే సన్యాసం తీసుకున్నారు, ఆ మఠం పీఠం ఇప్పటికీ సన్యాసులదే. కడప జిల్లాలో పోతులూరి వీరబ్రహ్మం గారు గోవిందమ్మతో కాపురం చేసిన గృహస్థు, ఆయన మఠం వంశంవాళ్ల చేతుల్లో నడిచింది, 2021లో పీఠాధిపతి పోయాక వారసత్వం మీద గొడవ కూడా వచ్చింది. రెండు దారుల మంచీ చెడూ మన జనం కళ్లతో చూసినవే. సంసారి అయినందుకు బ్రహ్మంగారి మీద ఎవరికీ భక్తి తగ్గలేదు. నంద్యాల, జమ్మలమడుగు, గుత్తి వైపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే ప్రొటెస్టెంట్ సంఘం) వాళ్ల అయ్యగార్లను, అంటే పాస్టర్లను, చూడండి, భార్య అమ్మగారై ఆడవాళ్ల కూడికలు నడిపిస్తుంది, జబ్బుపడిన ఇంటికి భర్తకంటే ముందు పోతుంది. పెళ్లయిన కాపరి అంటే మనవాళ్లు ఉలిక్కిపడిపోతారని, విశ్వాసం చెదిరిపోతుందని మీకు భయముంటే ఆ భయం పెట్టుకోకండి.

మన కతోలిక సభ లోపలే పెళ్లయిన గురువులున్నారన్న సంగతి కూడా మన పల్లెల్లో తెలియదు. తూర్పు దేశాల సంఘాలు 691, 692 ప్రాంతంలో ట్రుల్లో సభలో వేరే దారి ఎంచుకున్నాయి. పట్టానికి ముందే పెళ్లయి ఉంటే భార్యతో కాపురం చేస్తూ గురువుగా ఉండొచ్చు, పట్టం అయ్యాక పెళ్లి చేసుకోకూడదు, బిషప్ మాత్రం బ్రహ్మచారిగానే ఉండాలి. కేరళలో ఆర్థడాక్స్ అచ్చన్లకు (ఫాదర్లకు) ఇప్పటికీ ఇదే పద్ధతి. రోముతో ఐక్యంగా ఉన్న ఉక్రెయిన్ గ్రీకు కతోలికుల్లో, లెబనాన్ మారొనైట్లలో భార్యా పిల్లలున్న గురువులు పూజ చేస్తారు, ఆ పూజ మన పూజతో సమానం, అదే పోపు. ఇంకో సంగతి నన్ను బాగా కలత పెడుతుంది. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయం) గురువులు కతోలిక సభలోకి వస్తే పెళ్లయి ఉన్నా గురుపట్టం ఇవ్వొచ్చని 1980లో అమెరికాకు అనుమతి ఇచ్చారు, 2009లో పదహారో బెనెడిక్ట్ పోపు వాళ్ల కోసం ప్రత్యేక ఏర్పాటే చేశారు. మంచిదే, వాళ్లను ఆదరించాల్సిందే. మరి తాతల కాలం నుంచి కతోలికుడిగా ఉన్న ఉపదేశి, కులం పేరుతో ఊరు దూరం పెట్టినా గుడి తలుపు వదలని మనిషి, ఆయన పెళ్లి మాత్రం ఎందుకు అడ్డం?

ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1525లో కాతరీనా వోన్ బోరాను పెళ్లి చేసుకోవడం, దానికి జవాబుగా 1563లో ట్రెంట్ మహాసభ నియమాన్ని మరింత బిగించడం, ఇదంతా మీకు తెలిసిన పోట్లాట, అందులోకి నేను పోను. మనకు దగ్గర్లో జరిగింది చూద్దాం. రెండో వాటికన్ మహాసభ 1965లో గురువుల మీద ఇచ్చిన డిక్రీ, బ్రహ్మచర్యం గురుత్వ స్వభావానికే తప్పనిసరి కాదని, తొలి సభ ఆచారం, తూర్పు సభల సంప్రదాయం చూస్తే అది తెలుస్తుందని ఒప్పుకుని, లాటిన్ సభలో (రోము పద్ధతి పాటించే మన పశ్చిమ సభలో) మాత్రం నియమాన్ని కొనసాగించింది. రెండేళ్ల తర్వాత, కర్నూలు మేత్రాసనం నెల్లూరు నుంచి విడిపోయి ఏర్పడిన 1967లోనే, ఆరో పౌలు పోపు జూన్ 18న పెళ్లయిన మగవాళ్లు శాశ్వత డీకన్లు కావడానికి తలుపు తెరిచారు, ఆరు రోజుల తర్వాత జూన్ 24న గురువుల బ్రహ్మచర్యం మారదని విశ్వలేఖ రాశారు. మన మేత్రాసనం పుట్టిన ఏడే ఈ రెండు కాగితాలూ వచ్చాయి. రెండోది మనం అక్షరం పొల్లుపోకుండా పాటించాం. మొదటిదాన్ని ఏం చేశాం?

రోములో ఈ చర్చ ఎప్పుడూ చచ్చిపోలేదు. 1971లో బిషప్పుల సినడ్‌లో (పోపు పిలిచే సమావేశంలో) ప్రత్యేక పరిస్థితుల్లో పెళ్లయిన వాళ్లకు పట్టం ఇవ్వొచ్చన్న ప్రతిపాదనకు 87 ఓట్లు, వద్దన్నదానికి 107 ఓట్లు వచ్చాయి. 2019లో అమెజాన్ సినడ్‌లో, అడవుల్లో నెలల తరబడి పూజ దొరకని సంఘాల కోసం యోగ్యులైన పెళ్లయిన డీకన్లకు గురుపట్టం ఇవ్వాలన్న పేరా 128 ఓట్లతో నెగ్గింది, 41 మంది వద్దన్నారు. 2020లో పోపు ఫ్రాన్సిస్ రాసిన జాబులో దానికి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, అసలు ప్రస్తావించలేదు. అప్పుడు నాకు చాలా బాధేసింది. అదే ఫ్రాన్సిస్ 2023లో ఒక ఇంటర్వ్యూలో పశ్చిమ సభలో బ్రహ్మచర్యం తాత్కాలికమైన నియమమని, గురుపట్టంలా శాశ్వతం కాదని అన్నారు. అంత పెద్ద బిషప్పులు ఓట్లేసి వాదించుకున్న విషయాన్ని మనం కర్నూలులో మాట్లాడితే తప్పెలా అవుతుంది?

ఫాదర్ ఫెర్రర్ గారి పేరు ఎత్తకుండా ఈ మాటలు అనంతపురం జిల్లాలో ఎవరూ మాట్లాడలేరు. స్పెయిన్‌లో పుట్టి, 1952లో జెస్విట్‌గా (యేసు సభ అనే సన్యాస సభ సభ్యుడిగా) మన దేశానికి వచ్చి, మన్మాడ్‌లో పేదల కోసం పనిచేసి, 1968లో దేశం వదిలి పొమ్మంటే పోయి, మళ్లీ 1969లో అనంతపురానికి వచ్చారు. 1970లో జెస్విట్ సభను వదిలి ఆన్‌ని పెళ్లి చేసుకున్నారు. ఆయన జెస్విట్ కాబట్టి ఆయన వ్రతాలు వేరు, విచారణ ఫాదర్ మీద ఉండే నియమం వేరు, ఆ తేడా నాకు తెలుసు, సన్యాస సభల వ్రతాలు నేను అడిగే మార్పుతో మారవు కూడా. నేను చెప్పేది జనం సంగతి. 2009లో ఆయన పోయేదాకా, పోయాక కూడా, ఆయన సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఇళ్లలో ఉన్నవాళ్లు, బత్తలపల్లి ఆసుపత్రిలో బతికినవాళ్లు ఆయన్ని ఫాదర్ అనే పిలిచారు. భార్య పక్కన ఉండగానే ఫాదర్ అన్నారు. వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కూడా కాదు.

పెళ్లి కోసం గురుత్వం వదిలిన వాళ్లు మన దగ్గరా ఉన్నారు. పేర్లు రాయను. వాళ్లను మనం ఎలా చూశామో మాత్రం అడుగుతాను. నిన్నటిదాకా కాళ్లకు మొక్కిన వాళ్లే బజార్లో ఎదురైతే మొహం తిప్పుకున్నారు, ఇంట్లోవాళ్లు ఫంక్షన్లకు పిలవడం మానేశారు. రోము నుంచి మినహాయింపు తీసుకుని, చర్చిలో పెళ్లి చేసుకుని, బుద్ధిగా పూజకు వచ్చే మనిషిని కూడా చివరి బెంచీలోనే చూశాను. ఎన్నో ఏళ్లు వేదశాస్త్రం చదివిన మనిషి ఆయన, ఒక బైబిల్ క్లాసు చెప్పమని అయినా పిలవొచ్చు కదా.

ఇంకో మాట, ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నియమం మీరిన చోట శిక్ష ఎవరికి పడుతోంది? ఫాదర్‌కు బదిలీ అవుతుంది. ఆ ఆడమనిషి ఊళ్లోనే ఉండాలి, నోళ్లన్నీ ఆమె మీదే, బిడ్డ ఉంటే ఆ బిడ్డ బడిలో తండ్రి పేరు అడిగిన ప్రతిసారీ తల దించుకోవాలి. గురువులకు పుట్టిన పిల్లల విషయంలో తమ దగ్గర లోపలి మార్గదర్శకాలు ఉన్నాయని, బిడ్డ రక్షణే ముఖ్యమని వాటికన్ 2019లో బహిరంగంగా ఒప్పుకుంది. మన మేత్రాసనాల్లో అలాంటి సందర్భం వస్తే ఏం చేస్తారో, ఆ తల్లి ఎవరి దగ్గరికి పోవాలో, ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఒక కాగితం మీద రాసి గుడి తలుపుకు అంటించండి. పెళ్లికి అనుమతి ఇస్తే ఇవన్నీ మాయమైపోతాయని నేను అనను, పెళ్లయిన మగవాళ్లు కూడా తప్పులు చేస్తారు, పాస్టర్ల సంగతులూ వింటూనే ఉన్నాం. ఆస్ట్రేలియాలో పిల్లలపై అఘాయిత్యాల మీద విచారణ చేసిన రాయల్ కమిషన్ కూడా 2017లో బ్రహ్మచర్యమే కారణం అనలేదు, కానీ ఇతర పరిస్థితులతో కలిసి ప్రమాదం పెంచిందని చెప్పి, మేత్రాసన గురువులకు దాన్ని ఐచ్ఛికం చేసే విషయం ఆలోచించమని రోమును అడగాలని సిఫారసు చేసింది.

మీరు చెప్పబోయే జవాబులు కొన్ని ఊహించగలను. మన దేశంలో గురువుల కొరత లేదు, అది యూరప్ సమస్య అంటారు. మన తెలుగు ఫాదర్లు అమెరికాలో, యూరప్‌లో విచారణలు నడుపుతున్నారు నిజమే, అక్కడి విశ్వాసులకూ పూజ కావాల్సిందే. కానీ మా ఉపకేంద్రానికి పూజ నెలకోసారి అయినప్పుడు కొరత లేదని ఎలా అంటారు? పెళ్లయిన గురువు కుటుంబాన్ని ఎవరు పోషిస్తారని అడుగుతారు. నేను చెప్పేది పాతికేళ్ల కుర్రాడికి పెళ్లి చేసి పట్టం ఇవ్వమని కాదు. యాభై దాటి, పిల్లలు ఎదిగి, సొంతంగా ఎకరమో రెండెకరాలో ఉన్న ఉపదేశి, లేకపోతే మిషన్ స్కూల్లో రిటైరై పెన్షన్ వస్తున్న టీచరు, అలాంటివాళ్ల గురించి. పౌలు గుడారాలు కుట్టుకుంటూ సువార్త చెప్పాడని అపోస్తలుల కార్యాలు 18లో ఉంది. చదువు సంగతా, వాళ్లకు సెమినరీలో ఏళ్ల తరబడి ఉండే వీలు లేదు, కానీ శని ఆదివారాల్లో, వేసవి సెలవుల్లో తరగతులు పెట్టొచ్చు, పల్లెలో ఇరవై ముప్పై ఏళ్లు సువార్త చదివి చెప్పిన అనుభవం ఎలాగూ ఉంది. మనసు రెండుగా చీలిపోతుంది, సంసారం ఒక వైపు, సంఘం ఒక వైపు అంటారు. ఇది గట్టి అభ్యంతరం, పౌలు చెప్పిందే. కానీ ఉపదేశి ఇప్పుడు చేస్తున్నది కూడా అదే కదా, జీతం పేరుకు మాత్రం ఇస్తూ మనం చేయించుకుంటున్నాం కదా.

అనుమతి కోసం రోముకు రాయడం ఏళ్ల పని. డీకన్ల పని అలా కాదు. పోపు 1967లోనే తలుపు తెరిచారు, బొంబాయి అతిమేత్రాసనంలో పెళ్లయిన డీకన్లు ఉన్నారు, మన దేశానికి ఇది కొత్త కాదు. ముప్పై అయిదేళ్లు నిండిన పెళ్లయిన మగవాడు డీకన్ కావచ్చని సభ చట్టమే చెబుతోంది. డీకన్ జ్ఞానస్నానం ఇవ్వగలడు, పెళ్లి జరిపించగలడు, సమాధి కార్యం చేయగలడు, ప్రసంగం చెప్పగలడు. పూజ, పాపసంకీర్తనం, అవస్థ అభ్యంగనం అప్పటికీ ఉండవు, మా నాయనమ్మ అడిగింది అప్పటికీ దొరకదు, అందుకే ఇది సరిపోదు. అయినా ఇక్కడ నుంచి మొదలుపెట్టండి. మేత్రాసనానికి నలుగురైదుగురు ఉపదేశులను ఎంచుకుని, వాళ్ల పల్లె సంఘాన్ని అడిగి, తర్ఫీదు మొదలుపెట్టండి.

చర్చ పెట్టినప్పుడు ఒక్క విషయం మర్చిపోవద్దు. భార్య ఒప్పుకోకపోతే పెళ్లయిన వాడికి డీకన్ పట్టం ఇవ్వకూడదని అదే చట్టంలో ఉంది. కాబట్టి ఉపదేశులను పిలిచిన రోజు వాళ్ల భార్యలను కూడా పిలవండి, బస్సు చార్జీలు ఇచ్చి పిలవండి, టీ అందించడానికి కాదు, మాట్లాడటానికి. ఇన్నేళ్లూ సంఘానికి వచ్చిపోయే వాళ్లందరికీ అన్నం వండి పెట్టింది వాళ్లే, ఇకమీద కష్టమెంతో చెప్పాల్సింది కూడా వాళ్లే. తేదీ ప్రకటించండి, మా ఊరి నుంచి మేమంతా వస్తాం.

మీ విచారణ విశ్వాసి
కర్నూలు